కడపలో ఆదివారం చదువు క్లాసు: నెలకు ఐదు వందలకు ఏమొస్తుంది

కథలూ పద్యాలూ ఎలా రాశారో, అలాగే ఎందుకు రాశారో చెప్పే క్లాసు ఒకటి మా కడపలో నడుస్తోంది. ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక మెడికల్ షాపు పైన మేడగది. ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా. నెలకు ఐదు వందలు. చెప్పేది కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారు. క్లాసుకు పేరు లేదు, బయట బోర్డు లేదు. తన పేరు కూడా రాయొద్దని ఆయన గట్టిగా చెప్పారు కాబట్టి ఇందులో ఆయన్ని సారు అనే అంటాను. నా మాట ముందే చెప్పేస్తున్నా: చదవడమంటే ఇష్టం ఉన్నవాళ్ళకు ఈ ఐదు వందలు దండగ కాదు. లోపాలున్నాయి, అవీ చెప్తాను.

నేను దస్తావేజు రైటర్ని. అమ్మకం, దానం, భాగపరిష్కారం, తనఖా, వీలునామా, రోజంతా ఇవే. రాత్రి భోంచేశాక కథల పుస్తకం పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. చాలాకాలంగా నన్ను తొలిచే సందేహం ఒకటుంది. ఇద్దరు ఒకే కరువు గురించి కథలు రాస్తారు. ఒకాయన కథ చదివితే రెండు రోజులు అన్నం సహించదు. ఇంకొకాయన కథలో అంతకన్నా ఎక్కువ కష్టాలుంటాయి, చావులు కూడా ఉంటాయి, అయినా పుస్తకం మూసి హాయిగా నిద్రపోతాం. కరువు అదే, ఊరు అదే. మరి తేడా ఎక్కడొస్తోంది?

ఇది తెలుసుకుందామని మొదట ఒక ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టాను. వీడియోలు, ప్రతి వీడియో చివర నాలుగు ప్రశ్నలు. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, ప్రతీక, చైతన్య స్రవంతి అంటూ ఒక్కోదానికి ఒక నిర్వచనం, ఒక ఉదాహరణ. పరీక్ష రాస్తే సర్టిఫికెట్ కూడా వచ్చింది. పేర్లన్నీ నోటికొచ్చాయి. కానీ ఒక కథ ముందు కూర్చుంటే ఆ పేర్లు ఎందుకూ పనికి రాలేదు. 'ఇది ఉపమ' అని గుర్తుపట్టగలను. ఆ ఉపమ అక్కడ లేకపోతే ఏమయ్యేదో మాత్రం చెప్పలేను. నాకు కావాల్సింది ఆ రెండోదే.

ఈ సారు క్లాసులో పేర్లు చివరికొస్తాయి, ఒక్కోసారి అసలు రావు. ఆయన పద్ధతి ఒక్కటే. రాసినదాన్ని మార్చి చూడడం. ఒక మాట తీసెయ్, వాక్యాన్ని ముందువెనకలు చెయ్, కథ చెప్పే మనిషిని మార్చు, మళ్ళీ పైకి చదువు. ఏం పోయిందో చెవికి తెలుస్తుంది. ఆ పోయిందే రచయిత కావాలని పెట్టుకున్నది. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చేస్తే తప్ప దీని బలం తెలియదు.

నేను చేరిన కొత్తలోనే గజేంద్రమోక్షం వచ్చింది. మా జిల్లాలో పోతన పేరెత్తితే ఆయన ఊరు ఒంటిమిట్టా, బమ్మెరా అన్న వాదన తప్పకుండా మొదలవుతుంది. అక్కడా మొదలైంది. సారు "అది ఇంకో ఆదివారం కొట్టుకుందాంలే" అని ఆపేసి, మాలో ఒకావిడని పద్యం చదవమన్నారు. అందరికీ వచ్చిందే.

సిరికిం జెప్పడు, శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్కనొత్తడు, వివాదప్రోద్ధత శ్రీకుచో
పరి చేలాంచలమైన వీడడు, గజప్రాణావనోత్సాహియై.

"విష్ణుమూర్తి ఏం చేశాడు?" అని అడిగారు. తొందరగా బయల్దేరాడు అన్నాం. "ఆ మాట పద్యంలో యాడుందో చూపించండి" అన్నారు. వెతికాం. ఎక్కడా లేదు. బయల్దేరాడు అని లేదు, తొందర అని లేదు. ఉన్నవన్నీ ఆయన చేయని పనులే. లక్ష్మికి చెప్పలేదు. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోలేదు. పరివారాన్ని పిలవలేదు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించలేదు. చెవుల మీదికి జారిన జుట్టు సర్దుకోలేదు. ఇన్ని 'లేదు'లు వరసగా పడేసరికి, చెప్పకుండానే మన కళ్ళముందు ఒక మనిషి పరుగెత్తుతున్నాడు. ఇక్కడ సారు బోర్డు మీద మామూలు వచనంలో 'ఏనుగును కాపాడాలన్న ఆత్రంతో విష్ణువు లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు తీసుకోలేదు' అని రాసి, దీన్నీ దాన్నీ చదివి చూడండి అన్నారు. బోర్డు మీది వాక్యంలో కారణం ముందే తెలిసిపోయింది కాబట్టి తర్వాతవన్నీ లెక్క అప్పజెప్పినట్టున్నాయి. పోతన పద్యంలో 'గజప్రాణావనోత్సాహియై' అన్నది ఆఖరి మాట. అంతదాకా ఈయనకేమైంది, ఎందుకిలా లేచి పోతున్నాడు అని వైకుంఠంలో వాళ్ళకు ఎలా ఉంటుందో మనకూ అలాగే ఉంటుంది.

అంతటితో అయిపోయిందనుకున్నా. మా ఆర్టీసీ కండక్టరు తమ్ముడొకడు ఉన్నాడు, పెద్దగా మాట్లాడడు. అతను చెయ్యెత్తి, "సార్, అన్నీ చేయనివి చెప్పి ఆఖర్న మాత్రం 'వీడడు' అన్నాడు గదా, అది వేరే రకం గదా" అన్నాడు. నిజమే. మిగతావి వెళ్ళేముందు చేయాల్సినవి, చేయలేదు. ఇది మాత్రం అప్పటికే చేతిలో పట్టుకుని ఉన్నది, వదల్లేదు. లక్ష్మితో ప్రణయకలహంలో పట్టుకున్న చెంగు. దాన్ని వదలకుండానే బయల్దేరాడు. మరి చెంగు ఆయన చేతిలో ఉంటే లక్ష్మి ఏం చేయాలి? వెంట రావాల్సిందే. సారు ఆ తర్వాతి పద్యం తీయమన్నారు. 'తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుడు' అని మొదలవుతుంది. లక్ష్మి వెనక అంతఃపుర స్త్రీలు, వాళ్ళ వెనక గరుత్మంతుడు, ఆయన పక్కన విల్లూ గదా శంఖమూ చక్రమూ, నారదుడు, సేనాపతి, చివరికి వైకుంఠంలో ఉన్న పిల్లాజెల్లా. మొదటి పద్యంలో ఆయన ఎవరెవరిని పిలవలేదో వాళ్ళంతా రెండో పద్యంలో పిలవకుండానే వెనకాల వరసకట్టారు. ఆ వరసకు మొదటి ముడి ఆ చెంగు. ఈ రెండు పద్యాలూ నాకు ఎప్పటి నుంచో కంఠతా వచ్చు. మా అమ్మ దీపం పెడుతూ చదివేది. ఒకదానిలోంచి ఇంకొకటి పుట్టిందని మాత్రం ఆ ఆదివారం దాకా తెలియదు.

ఇంకొంచెం ముందుకెళ్తే లక్ష్మి నడక వస్తుంది. ఎక్కడికని అడుగుదామని గబగబా ముందుకు పోతుంది, అడిగితే జవాబు చెప్పడేమోనని ఆగిపోతుంది.

అడిగెద నని కడువడి జను
నడిగిన దన మగుడ నుడువడని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడబడ
నడుగిడు, నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

దీన్ని సారు అర్థం చెప్పకుండా మాతో ఒక్కొక్కరితో పైకి చదివించారు. చదివిన ప్రతివాళ్ళూ ఎక్కడో ఒకచోట నాలుక తడబడి ఆగారు. నేనైతే మూడో పాదంలో. 'డ' మీద 'డ', దాదాపు అన్నీ లఘువులే, ఊపిరి తీసుకునే చోటు లేదు. నవ్వులయ్యాక సారు అన్నారు, "మీరందరూ తడబడ్డారు గదా, ఆయమ్మా అంతే తడబడింది. పోతన మీతో నడిపించినాడు." తడబడింది అని చెప్పడం ఒకటి, చదివేవాడి నోట్లో ఆ తడబాటు పెట్టడం ఒకటి. స్కూల్లో దీన్ని వృత్త్యనుప్రాసకు ఉదాహరణగా రెండు మార్కులకు రాశాం. ఆ రెండు మార్కుల జవాబులో ఆ నడక ఎక్కడా కనపడలేదు.

ఈ ఒక్క ఆదివారం కోసమైనా నేను ఏడాది ఫీజు కడతాను.

పెద్దన మనుచరిత్ర గురించి మాత్రం రెండు ఆదివారాలు తీసుకున్నారు, అది ఎక్కువ. 'అట జని కాంచె భూమిసురుడు' పద్యంలో ప్రవరుడు ఏం చూశాడన్నది ఆఖరి మాట దాకా ఆపడం, మధ్యలో మెట్లెక్కినట్టు సాగే ఆ పొడుగు సమాసం, ఎక్కీ ఎక్కీ చివరికి 'శీతశైలమున్' అని కొండ కనపడడం, ఇంతవరకు బాగుంది. ఒక ఆదివారంలో తృప్తిగా అయిపోయింది. కృష్ణదేవరాయలు పెద్దనకు ఇచ్చిన కోకట అగ్రహారం మా కమలాపురం పక్కదే కావడంతో సారుకు ఆ కవంటే సొంతమనిషి అన్న ప్రేమ. రెండో ఆదివారమంతా వరూధిని మీద పోయింది, కొత్తగా ఏమీ రాలేదు. దానికి బదులు ఎవరో అడిగినట్టు పుట్టపర్తి వారి శివతాండవం తీసుకుని ఉంటే, ప్రొద్దుటూరు మనిషి మాటలతో డప్పు ఎలా వాయించాడో ఇలాగే మార్చి మార్చి చూసేవాళ్ళం.

వేమన క్లాసు చిన్నది, కానీ పదునైనది. 'ఉప్పు కప్పురంబు' పద్యం వరసను తలకిందులు చేయమన్నారు. పురుషుల్లో పుణ్యపురుషులు వేరు, ఉప్పూ కర్పూరం చూడ్డానికి ఒకటే అయినా రుచి వేరైనట్టు. అర్థం చెక్కు చెదరలేదు. పద్యం చచ్చిపోయింది. ఎందుకంటే నీతి ముందొస్తే వినేవాడు ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచనలో పడతాడు. వేమన ముందు ఉప్పు చేతిలో పెడతాడు. ఉప్పూ కర్పూరం ఒకేలా ఉంటాయంటే ఎవడు కాదంటాడు? రుచి వేరంటే ఎవడు కాదంటాడు? రెండుసార్లు తలూపినవాడు మూడో పాదానికి కూడా తలూపుతాడు. నాలుగో పాదం ఎలాగూ అందరికీ తెలిసిందే కాబట్టి, అది వినిపిస్తున్నంతసేపూ మనసు మూడో పాదం దగ్గరే ఉంటుంది. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు ఆయన పేరున గ్రంథాలయం ఉంది. ఈ క్లాసులో చేరినవాళ్ళు అక్కడికి వెళ్ళి ఆ పద్యాలు వరసగా చదవాలని సారు పట్టుబట్టారు. వెళ్ళాను. మూడో పాదం మీద వేలు పెట్టి చదవడం అలవాటైంది.

గురజాడ 'దిద్దుబాటు' వారం నాకు ఇంకో రకంగా ఉపయోగపడింది. 1910లో వచ్చిన కథ. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావు తలుపు కొట్టడంతో మొదలవుతుంది. గడియారం ఒంటిగంట కొడుతుంది. ఫలానా ఊళ్ళో ఫలానా గోపాలరావు అనే చదువుకున్న యువకుడు, భార్య పేరు ఫలానా అన్న పరిచయం ఏదీ లేదు. భార్య ఇంట్లో లేదు, ఉత్తరం ఉంది. సానివాళ్ళ ఆటకు వెళ్ళొచ్చి, భార్య వదిలేసి పోయిందేమోనని కుమిలిపోయి, నౌకరు రాముణ్ణి ఆమె పుట్టింటికి పంపాలని చూస్తాడు. ఆమె మంచం కింద ఉందని చివరిదాకా మనకు తెలియదు. తెలుగు చదువుకున్నవాళ్ళందరికీ తెలిసిన కథే ఇది. మాకిచ్చిన పని ఏమిటంటే, దీన్ని ఆ భార్య, కమలిని వైపు నుంచి, మంచం కింద నుంచి, ఒక పేజీలో రాయమని.

నేను రాసింది చదివితే కథ కాస్తా ఆటపట్టించడం అయిపోయింది. ఆమె అక్కడే ఉందని మొదటి వాక్యంలోనే తెలిస్తే గోపాలరావు ఏడుపు మనకు నవ్వులాటగా ఉంటుంది. గురజాడ మనల్ని చివరిదాకా గోపాలరావు పక్కనే నిలబెట్టాడు. అతనికి తెలిసినంతే మనకు తెలుసు, అతని భయం మనకూ అంటుకుంది. అందుకే ఆఖర్న మంచం కింద నుంచి నవ్వు వినపడ్డప్పుడు అతనితోపాటు మనకూ ఊపిరాడుతుంది. కథ ఎవరి పక్కన నిలబడి చెప్పాలి అన్నది రాసేవాడు తీసుకునే నిర్ణయాల్లో అన్నిటికన్నా పెద్దదని నాకు అప్పుడు అర్థమైంది. మా బ్యాచిలో ఒక నర్సమ్మ ఉంది, ఆమె మాత్రం ఒప్పుకోలేదు. "మంచం కింద ఉన్నామెకు ఆయన మాటలు వింటుంటే నమ్మాలనిపించిందా లేదా, అది నాకు కావాల" అని, అదే రాసుకొచ్చింది. ఆమె రాసిన పేజీలో నవ్వు లేదు. నవ్వాలా, ఇంకాసేపు ఉండాలా అని కమలిని లెక్క చూసుకుంటుంది. సారు రెండుసార్లు చదివించుకుని, "ఇది దిద్దుబాటు కాదమ్మా, ఇది నీ కథ, పోయి పూర్తి చెయ్" అన్నారు. తన ఉదాహరణకు అడ్డమొచ్చిన మాటను అంత సంతోషంగా తీసుకునే మాస్టారు నాకు వేరే ఎక్కడా దొరకలేదు.

ఇక నన్ను పూర్తిగా కట్టిపడేసిన క్లాసు దస్తావేజు క్లాసు. ఒకరోజు సారు, "రైటరు గారూ, వచ్చే వారం ఒక ఖాళీ విక్రయ దస్తావేజు నమూనా తెండి, చదువుదాం" అన్నారు. పేర్లు, సర్వే నంబర్లు లేని నమూనా తీసుకెళ్ళాను. క్లాసంతా దాన్ని పద్యం చదివినంత శ్రద్ధగా చదివారు. 'సదరు' అన్న మాట ఇన్నిసార్లు ఎందుకొచ్చింది? ఏ ఆస్తి, ఏ మనిషి అన్నది జారిపోకుండా. డబ్బు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఎందుకు? ఒకదాన్ని దిద్దితే రెండోది పట్టిచ్చేలా. 'పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో' అని అంత పొడుగు ఎందుకు? రేపు కోర్టులో ఫలానా హక్కు ఇవ్వలేదనే మాట రాకుండా. ప్రతి మాటా రెండో అర్థానికి దారి మూయడానికే ఉంది. సారు అడిగారు, "మరి పోతన ఏం చేసినాడు?" దారులు తెరిచాడు. విష్ణువు ఎందుకు పోతున్నాడో లక్ష్మికి చెప్పలేదు, కాసేపు మనకూ చెప్పలేదు, ఆ ఖాళీలో మనం పరుగెత్తాం. దస్తావేజులో అలాంటి ఖాళీ ఒక్కటి వదిలితే నా పని ఊడుతుంది. కథలో ఆ ఖాళీ లేకపోతే చదివేవాడికి పనే లేదు. రెండూ ఆలోచించి రాసేవే. రెండిటికీ కావాల్సింది వేరు. నా వృత్తిని ఎవరైనా ఇంత మర్యాదగా చదవడం నేను చూడలేదు, ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆవిడకు మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాను.

దాని తర్వాత వారం మా బ్యాచిలో అందరికన్నా చిన్నది, మైదుకూరు వైపు నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి, ఒక కథ రాసుకొచ్చింది. రెండు పేజీలు. నా నమూనాలో చివర ఉండే చెక్కుబందీని, అంటే ఆస్తికి నాలుగు దిక్కులా ఉన్న హద్దుల వివరాన్ని తీసుకుని దాన్నే కథగా మార్చింది. తూర్పు: పంచాయతీ రస్తా. ఆ రస్తా మీద తన పెళ్ళిచూపులకొచ్చిన కారు గురించి నాలుగు మాటలు. పడమర: చింతచెట్టు. దాని కాయలు ఎవరివి అన్న గొడవ. ఉత్తరం: పేడదిబ్బ, ఇప్పుడు వాడకం లేదు, ఎద్దులు అమ్మేశారు. దక్షిణం దగ్గర ఆమె రాసింది ఇంతే: 'దక్షిణం: మా పెదనాన్న వాళ్ళ గోడ. ఇంతకుముందు అక్కడ వాకిలి ఉండేది.'

కథ అయిపోయింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అన్నదమ్ముల గొడవ అన్న మాట కథలో ఒక్కసారి రాలేదు. భాగాలు పంచుకున్నారని లేదు. ఇలాంటి భాగపరిష్కారాలు నేను లెక్కలేనన్ని రాశాను, ఎదురుబొదురు కూర్చుని ముఖం చూసుకోని అన్నదమ్ముల మధ్యన కూర్చుని రాశాను. నాకు ఆ రెండు వాక్యాలు ఎక్కడ తగలాలో అక్కడే తగిలాయి. తర్వాత సారు అలవాటు ప్రకారం మార్చి చూడమన్నారు. దక్షిణాన్ని మొదట పెట్టి చదివాం, పని చేయలేదు. మామూలు దస్తావేజులో తూర్పు మొదలుపెట్టి దక్షిణం, పడమర, ఉత్తరం అని తిరుగుతాం. ఆ అమ్మాయి కావాలని ఆ వరస తప్పించి దక్షిణాన్ని ఆఖరికి ఉంచుకుంది. 'వాకిలి మూసేశారు' అని రాస్తే? మూసినవాళ్ళ మీదికి పోతుంది కథ. 'ఉండేది' అంటే ఆ వాకిట్లో ఆడుకున్న పిల్ల కనపడుతుంది. ఇదంతా ముందే అనుకుని రాశావా అని అడిగితే, "దక్షిణం ఆఖర్న పెట్టాలని తెల్సు సార్, 'ఉండేది' మాత్రం ఊరికే వచ్చింది" అంది. సారు, "ఊరికే వచ్చిందాన్ని కొట్టేయకుండా ఉంచినావు చూడు, అదీ నిర్ణయమే" అన్నారు. ఆన్‌లైన్ కోర్సు నాటి నుంచీ నన్ను వేధించిన ఇంకో ప్రశ్నకు, రచయిత ఇవన్నీ నిజంగా అనుకునే రాస్తాడా అన్నదానికి, నాకు దొరికిన సరైన జవాబు ఇదే.

ఇప్పుడు లోపాలు. అన్నిటికన్నా పెద్దది, ఆధునిక కథ చాలా తక్కువ. గురజాడ తర్వాత ఒకటీ అరా తప్ప ముందుకు రావడం లేదు. ఇది రా.రా., అంటే విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి, మసిలిన ఊరు. 1968లో 'సంవేదన' పత్రిక పెట్టి కథల్ని, కవిత్వాన్ని వాక్యం వాక్యం నిలదీసిన మనిషి. కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇంత దగ్గర మనుషుల్ని పెట్టుకుని, మన పల్లెల మీద వచ్చిన కథల్ని ఇదే పద్ధతిలో విడదీసి చూడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది. ఆడవాళ్ళు రాసింది ఒక్కటీ లేదు. మన గోపవరం మొల్ల కూడా లేదు. ఈ రెండు మాటలూ సారుతో నేరుగా చెప్పాను. మొల్ల రామాయణం వచ్చే బ్యాచిలో పెడతానన్నారు. మిగతాదానికి 'చూద్దాం' అన్నారు.

మాండలికం గురించి ఒకే ఒక్క క్లాసు జరిగింది, అది ఇంకా రెండు మూడు జరగాల్సింది. ఒక తండ్రీకొడుకుల సంభాషణను ముందు పుస్తకాల తెలుగులో, తర్వాత మన మాటలో రాయించారు. 'ఎక్కడికి వెళ్తున్నావు' అన్నప్పుడు మామూలు ప్రశ్న. 'యాడికి బోతాండావు' అన్నప్పుడు ఆ తండ్రి గొంతు, గుంజకు ఆనుకుని కూర్చున్న తీరు కూడా వచ్చేశాయి. అక్కడి నుంచి చాలా మంచి ప్రశ్న ఒకటి లేచింది. మాటలు మాండలికంలో పెట్టి, కథ నడిపే వాక్యాలు మాత్రం పుస్తకాల తెలుగులో ఉంచితే, చెప్పేవాడు ఆ ఊరివాడు కాదని, బయట నిలబడి చూస్తున్నాడని అనిపించదా? మొత్తం మాండలికంలోనే చెప్తే గుంటూరు పాఠకుడికి ఎంత అందుతుంది? ఇది మా సీమలో రాసేవాళ్ళందరి సమస్య. సరిగ్గా వేడెక్కిన సమయానికి పన్నెండున్నర అయింది, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చిన్న ఇబ్బందులు కొన్ని. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. ఎండాకాలం ఆ గదిలో ఒక్క ఫ్యాను చాలదు, పొద్దున తొమ్మిదికే పెట్టమని అడుగుతున్నాం. ఇచ్చే జిరాక్సు కాగితాల్లో సగం చోట్ల అరసున్నలు, పొల్లులు కనపడవు, పద్యం క్లాసులో అది చిన్న విషయం కాదు. మనం రాసిచ్చిన పేజీలు దిద్ది ఇవ్వడానికి వారాలు పడుతుంది. కానీ దిద్దితే మాత్రం ఎర్ర సిరాతో మార్జిన్ నిండా రాస్తారు.

ఎవరు చేరాలి అంటే, కథలు రాయాలనుకునేవాళ్ళు తప్పకుండా. చదివేవాళ్ళు, పిల్లలకు తెలుగు చెప్పే టీచర్లు కూడా. డీఎస్సీకి, టెట్‌కు తయారయ్యేవాళ్ళు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. అలంకారాల లక్షణాలు, లక్ష్యాలు వరసగా చెప్పి బిట్లు చేయించే క్లాసు ఇది కాదు. ఇద్దరు అలాగే చేరి రెండో వారం మానేశారు, వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు కావాల్సింది ఇక్కడ దొరకదు.

అడ్వాన్సు తీసుకోరు. మొదటి ఆదివారం డబ్బు కట్టకుండా కూర్చోవచ్చు, నచ్చితే రెండో వారం ఇవ్వచ్చు. పెన్సిల్, గీతల్లేని నోటుబుక్కు తెచ్చుకోవాలి. పెన్ను వద్దంటారు, కొట్టేసి మళ్ళీ రాయాల్సిన పనే ఎక్కువ కాబట్టి. ఎలా కనుక్కోవాలంటే, కడపలో పాత పుస్తకాలమ్మే చోట ఎవరినడిగినా సారు ఇల్లు చూపిస్తారు. ఒక్క వారమే వీలవుతుందనుకునేవాళ్ళు గజేంద్రమోక్షం ఎప్పుడుందో అడిగి ఆ ఆదివారమే రండి.